గూడ్సు నడిపిద్దాం – మూడో పాఠం: చీటీలు, ఎదురు సైడింగు

కిందటి పాఠంలో మన మోడల్ రైలులోని ఒక్కో వ్యాగనుకు ఒక్కో కార్డు చేసుకున్నాం. దాని మీద రైల్వే పేరు, నంబరు, వ్యాగను రకం రాసి, అడుగున చిన్న జేబు అతికించాం. ఇవాళ ఆ జేబులో పెట్టే చీటీ రాసి, షంటింగుకు, అంటే వ్యాగన్లను విడదీసి, చోటు మార్చి, కలిపే పనికి దిగుదాం.

మన లేఅవుట్ (పట్టాలు, ఊళ్లు అమర్చిన నమూనా) హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు సైజులో 87వ వంతు. 1950ల నాటి మిన్నెసోటాలో ఒక బ్రాంచి లైను. దాని మీద చిన్న ఊరు: ధాన్యం ఎలివేటరు (ధాన్యం నిల్వచేసి వ్యాగన్లకు ఎక్కించే గోదాము), పెట్రోలు నిల్వచేసే నూనె డిపో, మధ్యలో మెయిన్ లైనుకు రెండు కొసలా కలిసే ఒక లూప్ లైను. సింగరేణి బొగ్గు రేకులు (పొడవాటి గూడ్సు బళ్లు) చూసి పెరిగిన వాళ్లకు ఈ బండి వింతగా ఉంటుంది. మన రేకులో వ్యాగన్లన్నీ ఒకే రకం, ఒకచోట నిండి ఒకచోట ఖాళీ అవుతాయి. అక్కడి లోకల్ గూడ్సులో ఏ వ్యాగను పని దానిదే. ఒకటి ఇక్కడ దిగాలి, ఇంకొకటి ఇక్కడ ఎక్కాలి, మూడోది ఊరికే దాటిపోవాలి. ఏది ఎక్కడికో చెప్పేది చీటీ. అసలు రైల్వేలో దాన్ని వేబిల్ అంటారు. ఆ రోజుల్లో బండి చివర కబూస్‌లో (గార్డు పెట్టెలో) కూర్చునే కండక్టర్ చేతిలో, అంటే మన గార్డులాంటి మనిషి చేతిలో, ఆ కట్ట ఉండేది. మోడల్ రైళ్లకు ఈ పద్ధతిని డగ్ స్మిత్ 1961 డిసెంబరు ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో వివరించారు.

చీటీకి రెండు వైపులా, తలకిందులుగా కూడా రాస్తే నాలుగు ప్రయాణాలు పడతాయి. ఒక బాక్స్‌కార్‌కు (అన్నివైపులా మూసిన పెట్టె వ్యాగనుకు) ఇలా రాయండి. మొదటిది: ఖాళీ, ఎలివేటరుకు. రెండోది: గోధుమలు, మినియాపొలిస్ పిండి మిల్లుకు. మూడోది: ఖాళీ, పడమటికి. నాలుగోది: ఓరెగాన్ నుంచి కలప, మన ఊరి మీదుగా ముందుకు. వ్యాగను గమ్యం చేరాక, తర్వాతి ఆటకు ముందు చీటీ తిప్పితే చాలు, దానికి కొత్త పని దొరుకుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో ధాన్యం వెళ్లింది మామూలు 40 అడుగుల బాక్స్‌కార్లలోనే. తలుపు సందులో లోపలి నుంచి పలకలు కొట్టి గింజలు పోసేవారు. కనుక ఎలివేటరుకు పంపే ఖాళీ శుభ్రంగా ఉండాలి, చిల్లులు ఉండకూడదు. తోళ్లు మోసిన వ్యాగను పనికిరాదు, కార్డు మీద ఆ మాట రాసుకోండి. ట్యాంకు కార్ సంగతి వేరు. ఇండియానాలోని వైటింగ్ రిఫైనరీ నుంచి నిండుగా వచ్చి, ఖాళీగా అక్కడికే పోతుంది. దాని చీటీకి రెండు వైపులు చాలు. నేను మొదట్లో ట్యాంకుకు కూడా నాలుగు ఊళ్లు రాశాను. నాలుగు ఆటలయ్యాక చూస్తే పెట్రోలు వ్యాపారి దగ్గరికి ఎక్కడెక్కడి ట్యాంకులో చేరాయి. అన్నీ చించి మళ్లీ రాశాను.

ఇప్పుడు బండి ఎడమ నుంచి కుడికి వస్తోంది. ఎలివేటరు సైడింగు (మెయిన్ లైను నుంచి చీలి, అవతలి కొస మూసుకుపోయిన పట్టాలు) తేలిక. దాని పాయింట్లు (పట్టాలు చీలే చోటు) దాటి ముందుకెళ్లి, వెనక్కి నెడితే లోపలికి పోతుంది. మిగతా బండిని పాయింట్లకు ఎడమన ఆపి, ఇంజను వెనకున్న రెండు ఖాళీలతో ముందుకు లాగండి. సైడింగులోకి నెట్టి, అక్కడున్న రెండు నిండు వ్యాగన్లకు తగిలించి బయటకు లాగండి. నిండువి బండికి కలిపి, ఖాళీలను లోపల వదిలి రండి.

నూనె డిపో సైడింగు అలా కాదు, బండి పోయే దిక్కుకే తెరుచుకుంటుంది. ఇంజను ముందుంటే ట్యాంకును లోపలికి నెట్టే దారి లేదు. దీన్నే ఎదురు సైడింగు అంటున్నాను. దీని పాయింట్లు లూప్‌కు కుడివైపు ఉన్నాయి. ఎలివేటరు పని అయ్యాక ట్యాంకు ఇంజను వెనకే మొదటిదిగా ఉందనుకుందాం. బండిని లూప్‌కు ఎడమన ఆపండి. ఇంజనూ ఒక వ్యాగనూ పట్టేంత చోటు, సుమారు 40 సెం.మీ., బండికీ లూప్ పాయింట్లకూ మధ్య వదలండి. దాన్ని మరిచిపోతే పనంతా ఇరుక్కుంటుంది.

ట్యాంకును మెయిన్ లైనులో, లూప్ పక్కన వదిలి ఇంజను కుడికి దాటాలి. లూప్ గుండా ఎడమకు తిరిగొచ్చి, ట్యాంకు వెనక తగలాలి. ఇక నెట్టొచ్చు. డిపోలో కిందటి వారపు ఖాళీ ట్యాంకు ఉందనుకోండి, నిండుదాన్ని దానికి తగిలించి రెంటినీ వెనక్కి లాగండి. లూప్‌లో ఖాళీని వదిలి, నిండుదానితో ఎడమ కొసన బయటపడండి. మెయిన్ మీదుగా మళ్లీ కుడికి వెళ్లి డిపోలో దాన్ని దాని చోట నిలపండి. ఒంటరి ఇంజను వెనక్కొచ్చి, లూప్‌లోని ఖాళీకి తగిలి, ఎడమకు నెట్టి బండికి కలపాలి. అంతే, ఇంజను మళ్లీ ముందే ఉంది.

ఇంత శ్రమ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ట్యాంకును దాటించి తీసుకుపోయి, తిరుగు ప్రయాణంలో వదలండి. అప్పుడు అదే సైడింగు తేలికైపోతుంది. అసలు సిబ్బంది కూడా వీలైతే అలాగే చేసేవారు. నాకైతే ఇదే ఇష్టం.

వేగం గురించి గట్టిగా చెబుతున్నాను. షంటింగులో ఒక మీటరు దూరానికి 20 సెకన్లు పట్టాలి. మన స్కేలులో అది గంటకు సుమారు 16 కిలోమీటర్లు. తగిలించేటప్పుడు సెకనుకు 2 సెం.మీ. మించొద్దు, అది మనిషి నడక. కప్లింగు (వ్యాగన్లను కలిపే కొక్కెం) విప్పడానికి మొన తీసిన వెదురు పుల్ల చాలు. పుల్ల తిప్పాక వెంటనే కదలొద్దు. ఊహలో బ్రేక్‌మన్ (కప్లింగులు, పాయింట్లు చూసే మనిషి) ఇంకా పట్టాల పక్కన నడుస్తూనే ఉన్నాడు, పాయింట్ల దగ్గరికి చేరనివ్వండి. బయలుదేరే ముందు బ్రేకు గొట్టాల్లో గాలి నిండటానికి ఒక నిమిషం ఆగండి.

వచ్చే పాఠం దాకా అభ్యాసం: కాగితం మీద ఈ లూప్, డిపో సైడింగు గీసి, వ్యాగన్లకు అగ్గిపెట్టెలు పెట్టి ఎదురు సైడింగు పని మొత్తం చేయండి. ఆ తర్వాత డిపోలో ఒకటికి బదులు రెండు ఖాళీ ట్యాంకులు ఉంటే ఆ 40 సెం.మీ. చాలుతుందో లేదో చూడండి.