లైసెన్సు మార్పు నేర్చుకుందాం - 4: జవాబు రాని ఈమెయిళ్లు

పలువురు కలిసి రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం లైసెన్సును మార్చడం ఎలాగో ఈ పాఠాల్లో నేర్చుకుంటున్నాం. ఈ వారం కోడ్ ఫైళ్ల పైన ఉండే లైసెన్సు నోటీసులు మార్చడం నేర్పుదామనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చదివి మీరు కంట్రిబ్యూటర్లకు (మీ ప్రాజెక్టుకు కోడ్ రాసి ఇచ్చినవాళ్లకు) లైసెన్సు మార్పుకు అనుమతి అడుగుతూ రాసిన ఈమెయిళ్లు చూశాను. సగానికి సగం ఈమెయిళ్ల చివర ఒకే మాట ఉంది: "పది రోజుల్లో జవాబు రాకపోతే మీకు అభ్యంతరం లేదని భావిస్తాం." ఆ మాట నేను నేర్పలేదు. ఈరోజే తీసేయండి.

మౌనం అర్ధాంగీకారం అనేది ఇంట్లో చెల్లుతుంది, కాపీరైట్‌లో చెల్లదు. మన 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ చూడండి. లైసెన్సు ఇచ్చేది హక్కుదారు, అదీ రాతపూర్వకంగా. పది రోజులు మీరు పెట్టుకున్న గడువు, అతను ఒప్పుకున్నది కాదు. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు, ఆ కాలేజీ అడ్రసు ఎప్పుడో మూతపడి ఉండొచ్చు. మనిషే లేకపోయినా హక్కు పోదు. రచయిత పోయాక 60 ఏళ్లపాటు అది వారసుల చేతిలో ఉంటుంది.

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు 2017లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుకు మారడానికి ఇలాంటి మాటే రాశారు. తోటి డెవలపర్ల నుంచి గట్టి విమర్శలు వచ్చాయి. కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ వచ్చేసరికి 2021 సెప్టెంబరు అయింది. తమ వీడియో ప్లేయర్ ఇంజిన్‌ను జీపీఎల్ లైసెన్సు నుంచి, దానికన్నా షరతులు సడలించిన ఎల్‌జీపీఎల్‌కి మార్చిన వీఎల్‌సీ వాళ్లు మాత్రం పాత డెవలపర్లను వెతికి వెతికి అడిగారు. నాకు నచ్చిన దారి అదే.

మా ప్రాజెక్టు సంగతి చెబుతాను. డీటీపీ వాళ్ల పాత అను ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం అది. కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే గిట్‌లో, పేర్ల జాబితా ఇచ్చే షార్ట్‌లాగ్ తీస్తే 41 పేర్లు వచ్చాయి. వత్తుల పట్టిక మొత్తం నా పేరు మీదే ఉంది. నిజానికి దాన్ని కూర్చింది గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ చేసే ఒకాయన. ఆయనకు గిట్ రాదు. పట్టికను ఎక్సెల్ ఫైల్లో పంపితే కమిట్ చేసింది (గిట్‌లో చేర్చింది) నేను. జాబితాను నమ్ముకుని ఉంటే ఆయన్ని అడిగేవాణ్ణే కాదు. విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి వెళ్లాను. ఆయన పాత లైసెన్సు, కొత్త లైసెన్సు రెండూ స్క్రీన్ మీద చదివించుకున్నారు. "క్రావడి (ర వత్తు) దగ్గర నాలుగు రాత్రులు కూర్చున్నాను, నా పేరు ఉంటుంది కదా?" అని అడిగారు. ఉంటుందన్నాను. అప్పుడు తన మెయిల్ నుంచే రెండు లైన్లు టైప్ చేసి పంపారు. నాకు కావలసింది ఆ రెండు లైన్లే: ఏ ప్రాజెక్టులో తను రాసింది, ఏ లైసెన్సు కింద ఇస్తున్నది. "ఓకే బ్రదర్" అన్న వాట్సాప్ మెసేజీని నేను లెక్కలోకి తీసుకోను.

ఉద్యోగంలో ఉండి రాసినవాళ్ల దగ్గర ఇంకో చిక్కు. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మొదటి హక్కుదారు యజమానే. మాకు సంతోషంగా సరేనన్న ఒకతని కోడ్ కంపెనీ పనిలో రాసినదని తర్వాత తేలింది. ఆ కంపెనీ నుంచి కాగితం రావడానికి ఐదు నెలలు పట్టింది. కాబట్టి "ఇది ఎవరి పనిలో రాశారు?" అని మొదటి ఈమెయిల్లోనే అడగండి.

కాదన్నవాళ్లతో వాదించకండి, వాళ్ల కోడ్ తీసి మళ్లీ రాయండి. పాతది చూడనివాళ్ల చేత రాయిస్తే మంచిది. అక్షరదోషం దిద్దినవాళ్లను నేను చివర్లో అడుగుతాను, వాళ్ల కోసం పని ఆపను. ఇన్ని లైన్ల లోపు కాపీరైట్ లేదని చట్టంలో ఎక్కడా లేదు కనుక, అనుమానం వస్తే అడిగేయడమే.

అభ్యాసం: మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా పాత ఫైలు ఒకటి తీసుకోండి. ప్రతి లైనును చివరిసారి ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌కు -w, -C (పెద్ద సీ) ఆప్షన్లు రెండూ ఇచ్చి నడపండి. లేకపోతే ఇండెంటేషన్ సర్దినవాడే మొత్తం రాసినట్టు కనిపిస్తుంది. ప్రతి లైనూ ఎవరిదో, వాళ్ల రాతపూర్వక అనుమతి ఏ తేదీన వచ్చిందో పక్కన రాయండి. కమిట్ మెసేజీల్లో "ఫలానా వారు పంపారు" అన్నవి విడిగా వెతకండి. ఒక్క ఫైలుకే రెండు ఆదివారాలు పడుతుంది. ఖాళీగా మిగిలిన లైన్ల పక్కన ఏమీ ఊహించి రాయకుండా నాకు పంపండి, 5వ పాఠం ఆ లైన్లతోనే మొదలుపెడతాను.