కొండగడ్డి శాంపిల్ తీసేది ఎట్లా: కంకి నుంచి డీఎన్ఏ దాకా

లంకమల, పాలకొండలు, నల్లమల వైపు ఫీల్డ్ వర్క్‌కి పోయే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లల కోసం రాస్తున్నా. అన్నిటికంటే ముందు ఫారెస్టోళ్ల పర్మిషన్ లెటర్ చేతిలో పెట్టుకోండి, మన కడప కొండల్లో ఎర్రచందనం గొడవ తెలిసిందే కదా, సంచీ కత్తెరా వేసుకుని తిరుగుతా గడ్డి కోసం వచ్చినాం సార్ అంటే ఎవురు నమ్ముతారు?

పోయేది వానలయినాక, అక్టోబర్ నవంబర్‌లో. కంకి లేని గడ్డిని గుర్తుపట్టడం శానా కష్టం, ఎండాకాలంలో పోతే కాలిపోయిన దుబ్బులే మిగిలుంటాయి.

దుబ్బు దొరికినాక అక్కడే కూచొని పది రెట్ల లెన్సుతో చూడండి. బోదగడ్డి జాతోళ్లలో, అంటే ఆండ్రోపోగోనీ గుంపులో, చిరుకంకులు జతగా ఉంటాయి, ఒకటి కాడ లేకుండా అతుక్కొని, ఇంకోటి చిన్న కాడ మీద. కాడ లేనిదానికి మీసం (చివర్న సన్నటి పోగు) ఉందా, అది మెలిక తిరిగిందా, ఆకూ ఒరా కలిసే చోట పల్చటి పొర ఉందా వెంట్రుకలున్నాయా, ఆకు నలిపితే వాసనొస్తాదా, ఇవన్నీ అప్పుడే రాసుకోవాల. ఎండినాక రంగు మారిపోతాది, వాసన తగ్గిపోతాది.

హెర్బేరియం షీటుకి, అంటే ఎండబెట్టిన మొక్కని అంటించి దాచే అట్టకి, ఒక పిలకని వేరు మొదలుతో సహా తీసి, పొడుగుంటే వి లాగా మడిచి పేపర్ల మధ్య నొక్కండి. దుబ్బులు నాలుగైదే ఉంటే పీకొద్దు, ఒక కంకీ ఒక ఆకూ కోసుకుని ఫొటోలు తీసుకోండి చాలు.

డీఎన్ఏకి లేత ఆకు ముక్కలు సిలికా జెల్‌లో వేయాల, ఆకు బరువుకి కనీసం పదింతలు జెల్ ఉండాల, నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే వెంటనే మార్చండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, పక్కపక్క పిలకలన్నీ వేరే మొక్కలనుకుని తెస్తారు, అవి ఒకే తల్లి దుబ్బు పిలకలైతే మీరు కొలిచేది వైవిధ్యం కాదు, ఒకే మొక్కని పదిసార్లు కొలిచినట్టు. దుబ్బుకీ దుబ్బుకీ బాగా ఎడం పెట్టి, ఒకే కొండ మీద కాకుండా రెండు మూడు కొండల్లో తీయండి. మధ్యలో మైదానం అడ్డమొచ్చి పుప్పొడీ గింజా ఈ కొండ నుంచి ఆ కొండకి పెద్దగా చేరకపోతే, తేడా కొండకీ కొండకీ మధ్యే ఎక్కువ కనపడొచ్చు.

ల్యాబులో డీఎన్ఏ బయటికి తీసేదానికి సీటాబ్ అనే డిటర్జెంట్ పద్ధతి చాలు, ఆకులోని పాలీఫినాల్స్ అడ్డం రాకుండా కాస్త పీవీపీ అనే పొడి కలపండి. ఆర్బీసీఎల్, మ్యాట్‌కే అనే క్లోరోప్లాస్ట్ జీన్లు రెండే సీక్వెన్స్ చేసి ఇది కొత్త జాతి అనో కాదనో తేల్చొద్దు, దగ్గరి గడ్డిజాతుల్ని అవి చాలాసార్లు విడదీయలేవు, కేంద్రకంలో ఉండే ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్క కూడా చేయండి. దాంట్లో రెండు మూడు రకాల కాపీలు కలిసొస్తే సంకరమో పాలీప్లాయిడో (క్రోమోజోమ్ సెట్లు రెండుకంటే ఎక్కువుండేది) అని అనుమానించి క్రోమోజోములు లెక్కేయాల, గడ్డిజాతుల్లో ఇది మామూలే. మొక్కల మధ్య తేడా కొలిచే మార్కర్లలో ఐఎస్ఎస్ఆర్ చవక, ముందే సీక్వెన్స్ తెలియాల్సిన పన్లేదు, కానీ హెటెరోజైగస్ మొక్కని, అంటే ఒకే చోట రెండు వేరే రూపాల డీఎన్ఏ ఉన్నదాన్ని, విడిగా చూపించదు, డబ్బులుంటే దాన్ని చూపించే ఎస్ఎస్ఆర్‌కే పోండి.

డీఎన్ఏ ట్యూబు మీదా షీటు మీదా ఒకే నంబర్ ఉండాల. షీటు లేని సీక్వెన్స్‌ని నేనైతే లెక్కలోకే తీసుకోను, రేపెవరన్నా ఇది ఏ గడ్డి అని అడిగితే చూపించేదానికి ఏముంటాది? షీటుని అనంతపురం కృష్ణదేవరాయ యూనివర్సిటీ లాంటి చోట హెర్బేరియంలో ఇచ్చేయండి, దొరికిన చోటు జీపీఎస్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.