వింత మనిషిని రాయాలంటే ముందు అతని ఇంట్లోకి వెళ్లండి

కథలో ఒక వింత మనిషి కావాలి అనుకోగానే చాలామంది అలవాట్లు పోగేయడం మొదలుపెడతారు. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఇంకో కాలికి నీలం చెప్పు, భుజం మీద చిలక, అర్ధరాత్రి వేణువు. చదివేవాళ్లు మొదటి పేజీలో నవ్వుతారు, రెండో పేజీకల్లా విసుగొచ్చేస్తుంది, ఎందుకంటే వాటిలో ఏ ఒక్కటీ లేకపోయినా ఆ మనిషికి పోయేదేమీ లేదు.

ఒక్క పట్టుదల చాలు. కాకపోతే అది అతనికి నూటికి నూరుపాళ్లు సబబుగా అనిపించాలి, అతని రోజువారీ బతుకులోంచే పుట్టాలి.

ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ షెవాల్ అని ఒక పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. 1879లో ఉత్తరాలు పంచుతూ నడుస్తుంటే కాలికి ఒక రాయి తగిలింది, దాని ఆకారం నచ్చి తీసి దాచుకున్నాడు. అక్కణ్ణుంచి రాళ్లు ఏరడం మొదలైంది, ముందు జేబుల్లో, తర్వాత బుట్టలో, ఆ తర్వాత ఒంటి చక్రం బండిలో మోసుకొచ్చి, 1912 దాకా 33 ఏళ్లపాటు తన చేతులతోనే ఒక రాతి మహల్ కట్టాడు. రోజూ మైళ్లకు మైళ్లు నడిచే ఉద్యోగం కాబట్టే అన్ని రాళ్లు కంటపడ్డాయి. జేబు చాలక బుట్ట, బుట్ట చాలక బండి, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. పిచ్చి ముదురుతోందని ఎవరూ చెప్పక్కర్లేదు, మోసే సామాను మారితే మనకే తెలిసిపోతుంది.

ఇక ఇల్లు. పాత్రని తయారుచేసి, తర్వాత తీరిగ్గా ఇల్లు అలంకరిద్దాం అనుకోవద్దు, రెండూ కలిసే పుట్టాలి. ఒక పెద్దావిడ ఉందనుకోండి, మూసిన తలుపంటే పడదు. ఎప్పుడో మూసిన తలుపు అవతల ఎవరో పిలిస్తే ఈవిడకి వినపడలేదు. అందుకని ఇంట్లో తలుపులన్నీ ఊడదీయించేసింది. ఇక్కడితో ఆగిపోతే అది ఐడియా మాత్రమే. ఊడదీసిన తలుపులు ఏమయ్యాయి అని అడగండి. ఒకటి భోజనాల బల్ల అయింది, గడియ ఇంకా దానికే ఉంది, పళ్లెం పెట్టినప్పుడల్లా తగులుతుంది. ఇంకొకటి మంచం. చలికాలం ఎలా గడుస్తుంది? స్నానాల గదికి ఏం కట్టింది? పిల్లి ఎక్కడెక్కడ తిరుగుతుంది? ఇలాంటి పనికిమాలిన ప్రశ్నలకి జవాబులు రాసుకుంటూ పోతే ఇల్లు దానంతటదే లేస్తుంది. వాటిలో మూడు నాలుగే కథలోకి రానివ్వండి, మిగతావి మీ నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి.

చుట్టుపక్కలవాళ్లు ఆవిణ్ణి చూసి రోజూ ఆశ్చర్యపోరు. ఏళ్ల తరబడి చూస్తున్నారు కదా, గుమ్మం దగ్గర దగ్గి లోపలికి రావడం వాళ్లకి ఎప్పుడో అలవాటైపోయింది. ఆ దగ్గు ఒక్కటి రాస్తే ఒక పేరా వర్ణన రాసే పని తప్పుతుంది.

ఆవిణ్ణి చూసి మీరు మాత్రం నవ్వకండి. కథ చెప్పే గొంతు వెక్కిరిస్తే పాఠకుడు ఆవిణ్ణి నమ్మడం మానేస్తాడు. తలుపు లేని గదిని, తలుపు ఉన్న గదిని వర్ణించినంత మామూలుగా వర్ణించండి.

ఇదంతా కుదిరాక, తలుపు మూసుకుని ఏడవాల్సిన అవసరం ఉన్న మనిషిని ఒక వారం ఉండటానికి ఆ ఇంటికి పంపించండి. రాయడం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.