సీటీ యాంజియోకి వెళ్లేముందు డై గురించి తెలుసుకోవాల్సినవి

గుండె రక్తనాళాల సీటీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ పెద్ద యంత్రం అంటేనే టెన్షన్. రోజూ వాళ్ల చేతికి సూది పెట్టే టెక్నీషియన్‌గా చెబుతున్నాను, జాగ్రత్తంతా పడాల్సింది డై విషయంలో, అంటే రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు విషయంలో.

మామూలు సీటీలో రక్తమూ, రక్తనాళం గోడా దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. అందుకే అయోడిన్ ఉన్న మందును చేతి నరంలోకి సెకనుకు 5 మి.లీ. వరకు వేగంతో పంపిస్తాం. అయోడిన్ ఎక్స్‌రేలను బాగా అడ్డుకుంటుంది కాబట్టి డై చేరిన నాళం తెల్లగా మెరుస్తుంది. తెర మీద బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చిన్న వలయం గీసి ఉంచుతాం. అక్కడ ఎంత తెల్లగా ఉందో హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెప్పే అంకె మొదట 40 చుట్టూ ఉంటుంది. డై వస్తున్నకొద్దీ 60, 90, 120... మా దగ్గర 150 దాటగానే స్కాన్‌కి సిద్ధం. "ఊపిరి బిగపట్టండి" అని వినిపిస్తుంది. ఆ కొద్ది సెకన్లలో దగ్గినా, కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. డై మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు. అందుకే ముందురోజే ఇంట్లో పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టడం అలవాటు చేసుకోండి.

కాఫీ, టీ ముందురోజు సాయంత్రం నుంచే మానేయండి. గుండె వేగం నిమిషానికి 60 దగ్గర ఉంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. రక్తనాళాలు వెడల్పయ్యేందుకు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ అనే మందు కూడా ఇస్తాం. వయాగ్రా లాంటి మాత్ర ఈమధ్య వేసుకున్నవాళ్లకు దానితో బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. చాలామంది మగవాళ్లు సిగ్గుపడి ఈ సంగతి దాస్తారు. దయచేసి దాచకండి, మీరు చెప్పింది బయటికి పోదు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట తెచ్చుకోండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రను ఆ రోజు నుంచి 48 గంటలు ఆపించి, మళ్లీ రక్తపరీక్ష చూశాక మొదలుపెట్టిస్తారు. అది డాక్టరు చెప్పాలి, షుగర్ మాత్ర మీ అంతట మీరు మానొద్దు.

మొన్న ఒక పెద్దాయన్ని "ఇంతకుముందు డై పడకపోవడం ఏమైనా జరిగిందా?" అని అడిగితే, "ఏం లేదమ్మా" అన్నారు. బయట కూర్చున్న వాళ్లమ్మాయి మాత్రం, అప్పుడెప్పుడో స్కాన్ అయ్యాక నాన్న ఒళ్లంతా దద్దుర్లు తేలాయని చెప్పింది. వెంటనే ఆపేశాం. తర్వాత డాక్టరు చెప్పినట్టు ముందుగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుని ఇంకో రోజు వచ్చారు. ఒకసారి డై పడనివాళ్లకు మళ్లీ పడకపోయే అవకాశం ఎక్కువ. ఆస్తమా ఉన్నా, గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా చెప్పాలి. రొయ్యలు పడనివాళ్లకు డై కూడా పడదన్నది మాత్రం అపోహే.

డై ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది, మూత్రం వచ్చేస్తుందేమో అనిపిస్తుంది. ఇవి నిమిషంలో పోతాయి, కంగారుపడకండి. సూది దగ్గర మంట, వాపు అనిపిస్తే మాత్రం గట్టిగా చెప్పండి. మందు నరం బయటికి పోతూ ఉండొచ్చు.

అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. డాక్టరు నీళ్లు తగ్గించమనకపోతే ఆ రోజు బాగా తాగండి. రెండు మూడు రోజుల్లో దురద, దద్దుర్లు వస్తే ఫోన్ చేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లి, ముందుగా డై ఎక్కించుకున్న సంగతి చెప్పండి.