పాత తుపాకీని శుభ్రం చేయడానికి ముందు

అటక మీద దొరికిన, మూతి నుంచి మందు కూరే తుపాకీ ఖాళీగా ఉంటుందని అసలు అనుకోవద్దు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలోని గెట్టిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఏరిన తుపాకుల్లో వేలకొద్దీ నిండుగానే ఉన్నాయి. పొడిగా ఉన్న నల్లటి తుపాకీ మందు వందేళ్లయినా పేలగలదు.

• మూతి ఎప్పుడూ మనుషుల వైపు ఉండకూడదు. పొగ, దీపం, పిల్లలు దూరంగా ఉండాలి.

• గొట్టంలోకి చెక్క కడ్డీని అడుగు తగిలేదాకా మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. తీసి, ఆ గుర్తును మూతికి సరిపెట్టి గొట్టం పక్కన పెట్టి చూడండి. కడ్డీ కొస నిప్పు రంధ్రం (లోపలి మందుకు నిప్పు అందే చిన్న కన్నం) దాకా రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. గుచ్చొద్దు, వేడి చేయొద్దు, కొట్టొద్దు. లైసెన్సున్న తుపాకీ నిపుణుడినో, పోలీసులనో పిలవండి. ఇక్కడ మొహమాటపడొద్దు.

• ఆయుధాల చట్టం, 1959లోని 45వ సెక్షన్ పాత ఆయుధాలకు ఆ చట్టం నుంచి ఇచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని వాటికే. మీది అందులోకి వస్తుందో లేదో ముందే కనుక్కోండి.

• నూలు చేతి తొడుగులు వేసుకోండి, చెమట ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది.

• గరుకు కాగితంతో రుద్దొద్దు. ఆ నల్లటి పాతదనం పోతే మళ్లీ రాదు.