నుదురు తగ్గించి కనుబొమ్మలు కూడా ఒకేసారి లేపించుకునే ముందు చూసుకోవాల్సినవి

ముందు మొక్కు సంగతి. కొండమీద గుండు మొక్కు ఉంటే ఆపరేషన్‌కి చాలా నెలల ముందే తీర్చేసి జుట్టు బాగా పెరగనివ్వండి, ఎందుకంటే కోత జుట్టు మొదలయ్యే గీత వెంబడే పడుతుంది, తర్వాత గుండు చేయిస్తే ఆ మచ్చ బయటపడిపోతుంది, కుట్లు పచ్చిగా ఉన్నప్పుడైతే కత్తి అసలు తగలకూడదు.

– ఏ పద్ధతో గట్టిగా అడగండి. ఎండోస్కోప్‌తో, అంటే సన్న కెమెరా గొట్టంతో, చేసే బ్రో లిఫ్ట్‌లో (కనుబొమ్మలు పైకెత్తే ఆపరేషన్) జుట్టు గీత ఇంకా వెనక్కి పోవచ్చు, నుదురు పెద్దగా ఉన్నోళ్ళకి అదే బాధ కదా. ఇంకో పద్ధతిలో జుట్టు గీత దగ్గర ఒకే కోతతో నుదుటి చర్మం కొంత తీసి, కనుబొమ్మలు పైకెత్తి, తల చర్మం ముందుకి లాగి కుడతారు. తల చర్మం వదులుగా ఉంటేనే గీత బాగా దిగుతుంది, కాబట్టి డాక్టర్ చేత్తో కదిపి చూడాల్సిందే, ఫోటో చూసి ఓకే అన్నోళ్ళని నేనైతే నమ్మను.

– ఇంట్లో బట్టతల ఉందా? జుట్టు వెనక్కి పోతే మచ్చ కనిపిస్తుంది.

– కళ్ళు పొడిబారుతుంటే, రెప్పల ఆపరేషన్ ముందే అయ్యుంటే తప్పకుండా చెప్పండి.

– సిగరెట్ కొన్ని వారాల ముందే మానాలి. రక్తం పలచన చేసే మాత్రలు సొంతంగా ఆపొద్దు, డాక్టర్నే అడగండి.

– సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే స్పెషలిస్టు డిగ్రీ ఉందో లేదో చూడండి.

– తల పైభాగం నెలల తరబడి తిమ్మిరిగా ఉండొచ్చు, ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పిపెట్టండి. మన తిరుపతి ఎండల్లో మే నెల మాత్రం వద్దు తల్లీ.