ఫలక్‌నుమా ప్యాలెస్‌ను చరిత్ర తెలిసేలా చూడడం ఎలా?

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చార్మినార్ నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద నిలిచిన ఫలక్‌నుమా ప్యాలెస్‌ను చూడబోయేవారిలో చాలామంది అది నిజాం కట్టించిన భవనమనే అనుకుంటారు. చూసి వచ్చాక కూడా అదే అభిప్రాయంతో ఉండిపోతారు. నిజానికి అది నిజాం ఆస్థానంలోని ప్రముఖ ప్రభు వంశమైన పాయిగాకు చెందిన నవాబు వికార్-ఉల్-ఉమ్రా తన కోసం కట్టించుకున్న ఇల్లు. తరువాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చి రాజ అతిథిగృహమైంది, ఆపైన దశాబ్దాలపాటు మూతపడి ఉంది, చివరికి 2010 నవంబరులో తాజ్ సంస్థ నిర్వహణలో హోటలుగా తెరుచుకుంది. ఈ నాలుగు దశల ఆనవాళ్లూ ఒకే కప్పు కింద కలిసిపోయి ఉన్నందున, కంటికి కనిపించేది ఏ దశకు చెందిందో విడదీసుకుంటూ చూడడమే ఇక్కడ అసలు పని. ఆ పని ఎలా చేయాలో ఈ వ్యాసం చెబుతుంది.

ముందుగా ప్రవేశం సంగతి. ఇది హోటలు గనుక, మ్యూజియంలా టికెట్టు కొనుక్కొని నేరుగా లోపలికి వెళ్లడం కుదరదు. అక్కడ బస చేయాలి, లేదా భోజనానికో సాయంకాలపు తేనీటి విందుకో ముందుగా బుక్ చేసుకోవాలి. తెలంగాణ పర్యాటక సంస్థ వారాంతాల్లో నిజాం ప్యాలెస్‌ల యాత్ర నడుపుతూ వచ్చింది. మీరు వెళ్లదలచిన వారంలో అది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. బుక్ చేసేటప్పుడే భవనాన్ని చూపించే నడక అందులో కలిసి ఉందా అని తప్పక అడగండి. భోజనం మాత్రమే బుక్ చేసుకున్నవారికి భోజనమే దక్కుతుంది, చరిత్ర దక్కదు. పగటి వెలుగు ఉండగానే చేరుకోవడం అవసరం, ఎందుకంటే పైకప్పు నగిషీలు, చెక్కపనితనం దీపాల కాంతిలో సగమే కనిపిస్తాయి.

బయలుదేరే ముందు ఉపగ్రహ పటంలో భవనాన్ని ఒకసారి పైనుంచి చూడండి. తేలు ఆకారంలో కట్టారని అందరూ చెప్పే మాట నేల మీద నిలబడి చూస్తే అర్థం కాదు. ఉత్తరం వైపు చాచిన రెండు రెక్కలు, నడుమ ప్రధాన భవనం, దక్షిణాన గోల్ బంగ్లా, జనానా మహల్ ఉన్న భాగాలు పటంలో స్పష్టంగా తెలుస్తాయి. అతిథులను ఆదరించే మర్దానా ముందు వైపునా, కుటుంబం నివసించే జనానా వెనుక వైపునా ఉన్నాయన్న సంగతి మనసులో పెట్టుకుంటే, లోపల ఏ గది ఎందుకంత ఆడంబరంగా ఉందో మరొకరు చెప్పనక్కరలేదు. శంకుస్థాపన 1884 మార్చి 3న జరిగింది. నమూనా గీసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి. పని తొమ్మిదేళ్లు సాగింది. మర్దానా ఇంకా ముగింపు దశలో ఉండగానే, 1890 డిసెంబరులో, యజమాని గోల్ బంగ్లాలోకీ జనానాలోకీ మారి మిగిలిన పనిని దగ్గరుండి చూసుకున్నాడు. "ప్రధానమంత్రి కట్టించిన భవనం" అని చెప్పడమూ పూర్తిగా సరికాదు. పునాది వేసేనాటికి ఆయన దివాను, అంటే ప్రధానమంత్రి, కాలేదు. అంతకుముందు దివానుగా ఉన్న ఆస్మాన్ జా తరువాత, 1890లలో గాని ఆ పదవి ఆయనకు రాలేదు.

లోపల అడుగుపెట్టిన వెంటనే వెతకవలసింది షాండ్లియర్లను కాదు, రెండు ఆంగ్ల అక్షరాలను. 'వీ', 'ఓ' అక్షరాలను పెనవేసి వికార్-ఉల్-ఉమ్రా తన పేరుకు ఒక గుర్తు చేయించుకున్నాడు. సామాను మీద, గోడల మీద, పైకప్పు మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది. భవనం చేతులు మారినా కొత్త యజమాని ఆ గుర్తును చెరిపించలేదు. నా దృష్టిలో మొత్తం ప్యాలెస్‌లో ఇంతకన్నా విలువైన చారిత్రక ఆధారం లేదు, ఎందుకంటే ఇది ఎవరి ఇల్లో ఇల్లే చెబుతోంది. అది ఉన్నచోట మొదటి యజమాని చేయి ఉందని ధైర్యంగా అనుకోవచ్చు. లేనిచోట మాత్రం వెంటనే నిర్ణయానికి రాకుండా గైడును అడగాలి.

తరువాత ఇటలీ పాలరాతి మెట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. మెట్ల వెంబడి గోడకు బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల, వైస్రాయిల చిత్రపటాలు వరుసగా వేలాడుతుంటాయి. ఒక హైదరాబాదీ అమీరు, అంటే ప్రభువు, ఇంట్లో, పైఅంతస్తుకు వెళ్లే ప్రతి అతిథీ ఆ ముఖాల పక్కనుంచే నడవాలన్న ఏర్పాటు ఆనాటి రాజకీయాన్ని ఏ ఉపన్యాసం కన్నా సూటిగా చెబుతుంది. ఈ పటాలు ఏ యజమాని కాలంలో వేలాడదీసినవి అన్న ప్రశ్న గైడును అడగదగినది. చెక్కిన వాల్‌నట్ పైకప్పు ఉన్న గ్రంథాలయాన్ని విండ్సర్ కోటలోని దాని నమూనాలో చేశారని చెబుతారు. లండన్‌లోని బర్రోస్ అండ్ వాట్స్ సంస్థ చేసిన బిలియర్డ్స్ బల్ల జోడు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందనీ అంటారు. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల గురించి వేరే చెప్పనక్కరలేదు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని ఇచ్చిన విందుతో అది దేశమంతటికీ పరిచయమైంది. బల్ల పొడవు చూసి ఆశ్చర్యపోవడానికి ఒక నిమిషం చాలు, గ్రంథాలయానికి మాత్రం పావుగంటైనా కేటాయించండి.

ఇక విన్న మాటలను పరీక్షించుకోవడం. ఇందుకు తేదీలను పక్కపక్కన పెట్టి చూడడమొక్కటే ఉపాయం. ఈ ప్యాలెస్‌కు విద్యుత్తు, టెలిఫోను ఏర్పాట్లు 1883లో జరిగాయని పలుచోట్ల రాసి ఉంటుంది. పునాది రాయే 1884లో పడిందని గుర్తున్నవారికి ఆ వాక్యం అక్కడే ఆగిపోతుంది. రష్యా చక్రవర్తి రెండో నికోలస్ పేరు నిజాం అతిథుల జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆయన భారతదేశానికి వచ్చింది 1890-91 శీతాకాలంలో, చక్రవర్తిగా కాదు, యువరాజుగా. అప్పటికి ఈ భవనం నిజాంది కాదు, మర్దానా పని కూడా పూర్తి కాలేదు. అలాగే "ఐదో జార్జి చక్రవర్తి బస" అన్న మాటను 1906 నాటి వేల్స్ యువరాజు పర్యటనగా సరిచేసుకోవాలి. ఆయన రాజయ్యాక జరిగిన 1911 పర్యటనకు హైదరాబాదుతో సంబంధం లేదు. ఎనిమిదో ఎడ్వర్డు కూడా 1922లో యువరాజుగానే హైదరాబాదు వచ్చాడు, అది ఏడో నిజాం కాలం. నిర్మాణానికి అయిన ఖర్చు విషయంలో ఒక్కో కథనం ఒక్కో అంకె చెబుతుంది గనుక, ఆధారం చూపని అంకెను ఇంటికి మోసుకుపోకండి.

భవనం చేతులు మారిన తీరు మీద కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం. కట్టడానికి చేసిన ఖర్చు వికార్-ఉల్-ఉమ్రాను అప్పుల్లో ముంచిందనీ, అక్కడ కొన్నాళ్లు గడిపిన నిజాంకు ఇల్లు నచ్చడంతో ఆయన దాన్ని కానుకగా సమర్పించాడనీ, నిజాం కానుకను ఊరికే తీసుకోక సొమ్ము చెల్లించాడనీ కథ. మర్యాద చెడకుండా అప్పు తీర్చుకున్న ఉపాయంగా దీన్ని రసవత్తరంగా చెబుతారు, వినడానికీ బాగుంటుంది. అందులో గట్టిగా నిలబడే భాగం ఒక్కటే: 1897-98 ప్రాంతంలో ప్యాలెస్ నిజాం ఆస్తి అయింది. సంభాషణలతో సహా చెప్పే మిగతా కథను కథగానే వినండి. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూసింది ఈ ప్యాలెస్‌లోనే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలో నివసించడంతో ఫలక్‌నుమా ముఖ్య అతిథుల బసగా మిగిలింది. 1951లో విడిది చేసిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌ను ఆ వరుసలో చివరివాడిగా చెబుతారు. ఆ తరువాతి కాలాన్ని గైడులు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మీరు మాత్రం దాటకండి. ఏ వస్తువు ఆ దశాబ్దాల్లో పాడైంది, ఏది బాగుచేసింది, ఏది కొత్తగా చేయించింది అని గదిగదికీ అడగండి.

తాజ్ సంస్థ పునరుద్ధరణను 2000లో చేపట్టింది. ఏడో నిజాం మనవడు ముకర్రమ్ జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా దాన్ని స్వయంగా పర్యవేక్షించారు. కట్టడానికి తొమ్మిదేళ్లు పడితే, తిరిగి నిలబెట్టడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు 60 గదులూ సూట్లూ ఉన్న ఈ హోటల్లో గుర్రపు బగ్గీ, మెట్ల మీద గులాబీ రేకుల స్వాగతం లాంటివన్నీ ఈ చివరి దశకు చెందిన మర్యాదలు. వాటిని ఆనందించడంలో తప్పు లేదు గాని నిజాం కాలపు ఆచారాలుగా రాసుకోకూడదు. పాతదేదో కొత్తదేదో తేల్చుకోవడానికి నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫలక్‌నుమా లోపలి ఫోటోలు ఎంతో ఉపకరిస్తాయి. కొన్నింటిని ముందే ఫోనులో దాచుకొని, అదే గదిలో అదే మూల నుంచి నిలబడి పోల్చి చూడండి.

వీలుంటే అదే రోజు ఉదయం చౌమహల్లా చూసి, మధ్యాహ్నం ఫలక్‌నుమాకు రండి; నిజాంల దర్బారు భవనానికీ ఒక అమీరు ఇంటికీ ఉన్న తేడా అప్పుడు తెలుస్తుంది. మరో రోజు కుదిరితే బేగంపేట వెళ్లండి. ఫలక్‌నుమాను వదులుకున్న తరువాత వికార్-ఉల్-ఉమ్రా కట్టించుకున్న పాయిగా ప్యాలెస్ అక్కడే ఉంది. 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేటు నడిచింది అందులోనే. స్పెయిన్ యాత్ర ప్రభావంతో ఆయన తలపెట్టిన స్పానిష్ మసీదు కూడా ఆ సమీపంలోనే ఉంది. నమాజు వేళలు తప్పించి, మసీదువారి అనుమతి తీసుకొని లోపలికి వెళ్లాలి.